మాపటేళ కనకాంబరం

అత్త పోయిందన్న కబురు నాకు తమిళంలో వచ్చింది. పొద్దున్నే ఫోన్ మోగితే ఎత్తాను. అవతల బావ, అత్తకు ఒక్కగానొక్క కొడుకు. "అమ్మ పోయిట్టాంగ" అన్నాడు. మళ్లీ, ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువును వెతుక్కున్నట్టు మా ఇంటి మాట వెతుక్కుని, "అమ్మ పోయింది. రాత్రి పండుకునింది, పొద్దున లెయ్యలేదంట. పక్కింటోళ్లు ఫోన్ చేసినారు. నువ్వు రా" అన్నాడు. అతనికి హోసూరులో ఉద్యోగం, తమిళ ఇల్లాలు, తమిళం తప్ప ఇంకేదీ రాని పిల్లలు. అతను తెలుగులో మాట్లాడే మనిషంటూ ఉంటే అత్త ఒక్కతే. ఆ అత్త చావుకబురు చెప్పేటప్పుడు తెలుగు చప్పున నోటికి రాలేదంటే అతన్ని ఏమనగలను?

మా అమ్మాయిని తీసుకుని కుప్పంలో రైలెక్కి, జోలార్‌పేటలో మారి, మొరప్పూర్‌లో దిగి బస్సు పట్టుకున్నాను. దారిలో నాకు ఏడుపు రాలేదు. ఇకమీదట పొద్దు గూకే వేళకు నా ఫోన్ కోసం ఎవరూ కాచుకుని ఉండరన్న ఆలోచన మాత్రం వస్తూ పోతూ ఉంది.

ధర్మపురి అంటే మీలో చాలామంది గోదావరి ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం అనుకుంటారు. మాది అది కాదు. మాది తమిళనాడు ధర్మపురి. ఎన్ని తరాల కిందట వచ్చామో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ఇంట్లో తెలుగు చదవడం ఎవరికీ రాదు. నేనూ కుప్పం కోడలినైన తర్వాతే అక్షరాలు దిద్దుకున్నాను. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నది అందుకే. రాసింది మా వాళ్లెవరూ చదవలేరు. అత్త అసలే చదవలేదు, ఆమెకు కళ్లు లేవు.

కళ్లు లేవు అన్నానని వింటే ఊరుకునేది కాదు. "ఉండాయి పాపా, పని చెయ్యవు. అంతే" అని సరిదిద్దేది.

ఆమె మా నాయనకు చెల్లెలు. వీధికి ఈ కొసన మా ఇల్లు, ఆ కొసన అత్త ఇల్లు. నేను ఎరిగినప్పటి నుంచీ ఆమె పనులన్నీ వెలుతురుతో పందెం వేసుకున్నట్టు ఉండేవి. పొద్దు వాలకముందే వంట, పొద్దు వాలకముందే నీళ్లు తోడటం, పెరట్లో కనకాంబరాలు కోసి మాల కట్టడం. మెట్ల అంచులకు, రుబ్బురోలు చుట్టూ, బావి గట్టుకు సున్నం పూసి ఉంచేది. మసక వెలుతురులో ఆ తెల్ల గీతలే ఆమెకు దారి. వెనక తలుపు నుంచి బావి దాకా నడుము ఎత్తులో కొబ్బరితాడు కట్టి ఉండేది. దాన్ని పట్టుకుని పోయేది. పిల్లలం ఆ తాడు కింద దూరి ఆడుకుంటుంటే, "పొద్దు ఉన్నప్పుడే నాకు ముఖాలు చూపించి పోండి. మళ్లా వచ్చి అత్త పలకరించలేదని మూతి ముడుచుకుంటే నేనేం చేసేది" అనేది.

ఊళ్లో అందరూ దాన్ని మాలకన్ను అనేవాళ్లు. తమిళం నుంచి మా నోళ్లలోకి వచ్చిన మాట. మీరు రేచీకటి అంటారు. అత్తకు అది చిన్నపిల్లగా ఉన్నప్పుడే మొదలైంది. చీకటి పడితే కుండలు తన్నుకునేది, గడప మీద పడేది. మొదట్లో చూపు ఎక్కడ పెట్టుకుని నడుస్తావని తిట్లు. ఆ తర్వాత వైద్యం. మాలకన్నుకు తిండే మందని ఊరంతా ఎరిగిన విషయం కాబట్టి మునగాకు వండి పెట్టారు, బొప్పాయి పెట్టారు, ఆదివారమొస్తే మేక కార్జం ఆమె కంచంలోనే పడేది. మునగాకు మీద ఆమెకు ఎంత విరక్తి పుట్టిందంటే, పెద్దయ్యాక మునగచెట్టు నీడలో కూడా నిలబడేది కాదు. చూపు మాత్రం రాలేదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణంలో బయటికి వచ్చిందని, అందుకే బిడ్డకు ఇట్లయిందని ఇంటి పెద్దవాళ్లు మా అవ్వను అన్నారు. అవ్వ బతికినన్నాళ్లూ ఆ మాట పడుతూనే ఉంది.

పెళ్లీడు వచ్చింది. మా ఇళ్లలో పిల్లను బయట ఇవ్వడమనేది లేదు. మేనమామకో, మేనమామ కొడుక్కో, మేనత్త కొడుక్కో ఇస్తారు. చుట్టూ తమిళం, తెలుగు ఇళ్లు కొన్నే. పిల్ల మన మాట మాట్లాడే ఇంట్లోనే ఉండాలి, నేల చేయి దాటిపోకూడదు. మా తాత చేసుకున్నదీ సొంత అక్క కూతురినే. అయితే మాలకన్ను పిల్లను సొంత చుట్టాల్లో ఎవరూ చేసుకోలేదు. దాంతో ఎక్కడో రాయకోట అవతల నుంచి, మాకు ఏ చుట్టరికమూ లేని పేద తెలుగు ఇంటి కుర్రవాణ్ణి వెతికి ఇల్లరికం తెచ్చుకున్నారు. అది మా ఇంటికి చిన్నతనంగానే ఉండేదట. మామ మంచివాడు. బావ హైస్కూల్లో ఉండగా కామెర్లతో పోయాడు.

వయసు పెరిగే కొద్దీ అత్తకు ఇంకో చిక్కు వచ్చింది. పగటిపూట సూదిలో దారం ఎక్కించేది. బియ్యంలో రాళ్లు ఏరేది. కానీ పక్కన నిలబడిన గేదెను చూడక దాన్ని గుద్దుకునేది. ఎదురుగా వస్తే నవ్వి పలకరించేది, పక్కగా వస్తే పట్టించుకోకుండా పోయేది. "సూదిబెజ్జం కనిపిస్తాదంట, ఎనుము కనిపించదంట" అని ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవాళ్లు. పొగరని పేరు పడింది. మా నాయన కూడా ఒకసారి అన్నాడు, నలుగురిలో నన్ను చూసి తల తిప్పుకుని పోయిందని.

నేను ధర్మపురిలో కాలేజీ చదువుతున్న రోజుల్లో ఆమెను సేలంలో ఒక కళ్ల ఆసుపత్రికి తీసుకుపోయాను. శుక్లమేమో, ఆపరేషన్ చేస్తే పోతుందేమో అని మా ఆశ. చుక్కల మందు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, కంటిలోకి దీపం వేసి చూసింది ఒక డాక్టరమ్మ. చిన్న వయసు. చూడటం అయ్యాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మీ అప్పా అమ్మా సొందమా?"

సొందం అంటే తమిళంలో చుట్టరికం. మా నోట్లో అది తెలుగు సొంతంతో కలిసిపోయింది. సొంతంలో ఇచ్చాం అని చెప్పుకునేటప్పుడు మా పెద్దవాళ్ల గొంతులో ఒక గర్వం ఉంటుంది. అత్తకు ఆ ప్రశ్న ఇంటి మర్యాద అడిగినట్టు వినిపించింది. నడుము నిటారుగా పెట్టి, "సొందమే. మా అమ్మకు మా నాయన మేనమామే. మేము బయట ఇయ్యము, బయట తెచ్చుకోము" అంది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆ తర్వాత మెల్లగా, తమిళంలో, మాకు అర్థమయ్యేదాకా చెప్పింది. కంటి వెనక ఒక తెర ఉంటుంది, రెటీనా. చూపంతా దాని మీదే పడుతుంది. అత్తకు ఆ తెర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోంది. మసకలో చూసే భాగం ముందు పోయింది, తర్వాత పక్కచూపు, ఇప్పుడు మధ్యలో కొంచెమే మిగిలింది. ఒక కాగితం గొట్టంలా చుట్టి నా కంటికి పెట్టి, "మీ అత్త లోకం ఇంతే" అంది. నాకు ఎదురుగా గోడమీది క్యాలెండర్ అంకె స్పష్టంగా కనిపించింది. నా పక్కనే కూర్చున్న అత్త కనిపించలేదు.

"అయితే నేను ఎనుమును చూడనిది నిజమే గదా. మీ నాయనకు చెప్పు, పొగరు కాదని" అంది అత్త నాతో, తెలుగులో.

ఆకుకూరలు చాలక వచ్చే మాలకన్ను వేరు, అది తిండితో, మందుతో తగ్గుతుంది. ఇది అది కాదు, పేరు ఒకటే, అని చెప్పింది డాక్టరమ్మ. మేం అడిగిన గ్రహణానికి, దీపం వెలుతురులో పూలు కట్టడానికి, పొయ్యి పొగకు దీనితో పనిలేదు. ఇది పుట్టుకతో నెత్తుట్లో వచ్చేది. చాలా ఇళ్లలో ఈ లోపం పైకి తెలియకుండా దాగి ఉంటుంది. ఒకవైపు నుంచే వస్తే బిడ్డకు ఏమీ కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి కలిస్తే బయటపడుతుంది. దగ్గరి చుట్టాలు చేసుకుంటే ఇద్దరి దగ్గరా అదే లోపం ఉండే వీలు ఎక్కువ. "సొందంలో చేసుకున్నవాళ్ల పిల్లలందరికీ వస్తుందని కాదమ్మా. బయట చేసుకుంటే రానే రాదని కూడా కాదు. అపాయం ఎక్కువ, అంత వరకే నేను చెప్పగలిగేది."

"మందు?" అని అడిగింది అత్త.

"ఇప్పటికి లేదమ్మా."

"చిన్నబిడ్డల్లో ఎట్ల కనిపెట్టేది?"

"మసక వెలుతురులో తడుముకుంటున్నారా, కిందపడిన వస్తువు ఎత్తుకోలేకపోతున్నారా, చూడండి. అనుమానం వస్తే తీసుకురండి."

తిరుగు బస్సు తొప్పూరు కనుమ దాటింది. అప్పుడు అత్త అన్న మొదటి మాట తన కళ్ల గురించి కాదు. "మా అమ్మ ఆ గ్రహణాన్ని మోసుకునే పోయింది పాపా. ఎవురూ ఆమెకు చెప్పలేదు" అంది. కొంచెం సేపటికి మళ్లీ, "నన్ను సొంతంలో అందురూ వద్దనిరి. మీ మామ యాడోడో. అందుకే నా కొడుకు కండ్లు నిలిచినాయేమో" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ముఖంలో సంతోషం కనిపించింది. అంతలోనే నా చెయ్యి పట్టుకుంది. "నీ కండ్లు బాగుండాయా?"

"బాగున్నాయత్తా."

"మీ నాయనవీ బాగుండాయి. దాగి ఉంటాదని చెప్పింది గదా ఆ డాక్టరమ్మ."

అప్పుడు నాకు అర్థమైంది. నేను పుట్టినప్పుడే బావకని పేరు పెట్టిన పిల్లను. ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఇష్టం లేదని అబద్ధం చెప్పను. బస్సు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అత్త నా చెయ్యి వదల్లేదు.

నా చదువు ముగిసిన ఏడాది నాయన తాంబూలం పళ్లెంతో చెల్లెలి ఇంటికి పోయాడు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. బావ హోసూరు నుంచి రాలేదు, తల్లి మాటే తన మాట అని చెప్పి పంపాడు. అత్త పళ్లెం ముట్టుకోలేదు.

"వద్దన్నా" అంది.

"నా కూతురు నీ కొడుక్కు తగదా?"

"పిల్ల బంగారు. నీదీ నాదీ ఒకే నెత్తురు, నాకు భయం దానితోనే. నా కండ్లు పుట్టబోయే బిడ్డకు ఇయ్యలేను."

"తాతల కాలం నుంచీ చేసుకుంటా ఉండాము. అందురూ గుడ్డోళ్లయినారా?"

"అందురూ కాలేదన్నా. నేనయినాను."

నాయన పళ్లెం తన వైపు జరుపుకున్నాడు. లేచి నిలబడి, గొంతు తగ్గించి, "ఈ మాట ఈ గడప దాటిందా, మన ఇంటి పిల్లల్ని ఎవురూ చేసుకోరు. మన వంశానికే మచ్చ పెడతావా? ఇంకేమైనా చెప్పుకో, ఇది చెప్పవాకు" అన్నాడు. పళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి చెల్లెలితో మాట్లాడలేదు.

అత్త ఆ మాట గడప దాటనివ్వలేదు. కొడుక్కు హోసూరులో కంపెనీ ఉద్యోగం వచ్చేసరికి అన్న బిడ్డ కంటికి ఆనలేదని ఊరు అనుకుంది. పొగరన్న పాత పేరు ఉండనే ఉంది. అత్త కాదనలేదు, అవుననలేదు. అన్న చెప్పిన మాట నిలబెట్టింది. దానికి ఆమె ఇచ్చుకున్నది తక్కువేమీ కాదు. పండగలకు మా ఇంటి పిలుపు లేదు. పూలు కట్టడానికి వచ్చే ఆడవాళ్లు రావడం మానేశారు. నాకు కుప్పం దగ్గర, ఏ చుట్టరికమూ లేని ఇంట్లో సంబంధం కుదిరింది. పెళ్లికి అత్త రాలేదు, పిలవలేదు గనక. బావ హోసూరులో తనతో పనిచేసే తమిళ పిల్లను చేసుకున్నాడు. ఆ పిల్ల మంచిది. అత్తను తమతో ఉండమని తీసుకుపోయారు కూడా. నెలకే తిరిగి వచ్చేసింది. అక్కడి మెట్లు తెలియవు, గోడలు తెలియవు, ఇంట్లో మాటా తనది కాదు. "మనమరాలు నా ఒళ్లో కూచోని కత చెప్పమంటాది. నేను తెలుగులో చెప్తే నవ్వుతాది, తమిళంలో చెప్తే నాకు కత మాదిరి ఉండదు" అంది నాతో.

చివరి ఏళ్లలో మధ్యచూపు కూడా పోయింది. బావ ఒక సెల్‌ఫోన్ కొనిచ్చాడు. పచ్చ బొత్తాం నొక్కితే మాట్లాడటం అని వేలితో నేర్పించాడు. నేను పొద్దు గూకే వేళకు చేసేదాన్ని. ఎత్తగానే ఆమె అడిగేది ఒకటే. "ఏమైనా చెప్పు పాపా. ఊరికే చెప్పు. మన మాటలో చెప్పు." చెప్పడానికి ఏమీ లేని రోజు పేపరు చదివి వినిపించేదాన్ని. కొంచెం విని, "ఇది మన తెలుగు కాదే, ఆఫీసర్ల తెలుగు మాదిరుంది. నువ్వే చెప్పు, ఏమి కూర చేసినావు?" అనేది. ఏమి కూర చేశానో, ఎట్లా చేశానో, ఉప్పు ఎప్పుడు వేశానో చెప్పేదాన్ని. మునగాకు అంటే మాత్రం ఫోన్ పెట్టేస్తానని బెదిరించేది.

మధ్యలో ఒక్కోసారి మాట ఆపేది. "ఉండు" అనేది. అవతల వీధిలో సైకిల్ గంట ఒకసారి మోగడం నాకూ వినిపించేది. "అన్న పోతా ఉండాడు" అనేది. తోట నుంచి ఇంటికి పోతూ నాయన ఆ ఇంటి ముందు గంట కొట్టేవాడు. ఎందుకని మా అమ్మ అడిగితే కోళ్లు అడ్డం వస్తాయన్నాడట. అత్తకు కోళ్లు లేవు.

మా అమ్మాయి నడవడం నేర్చాక దాన్ని అత్తకు చూపించడానికి తీసుకుపోయాను. నాయనకు తెలిసే పోయాను, ఆయన ఏమీ అనలేదు. అత్త పిల్ల ముఖమంతా వేళ్లతో తడిమింది. పొద్దు గూకింది. దీపం వేయబోతే వద్దంది. పక్కనున్న మాలలోంచి ఒక కనకాంబరం తెంపి పెరట్లోకి విసిరి, "పాపా, ఆడ ఏమి పడిందో ఎత్తుకోనిరా" అంది. పిల్ల తప్పటడుగులతో పోయి పువ్వు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది. అత్త ఆ పువ్వును మూసిన గుప్పిట్లో చాలాసేపు ఉంచుకుంది. మేం వెళ్లిన ప్రతిసారీ మాపటేళ ఆ ఆట జరిగేది. పిల్లకు అది ఆట. ప్రతిసారీ పువ్వు చేతికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నది మేమిద్దరమే.

నేను ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. అత్తను ముందు గదిలో పడుకోబెట్టారు. పక్కింటామె చెప్పింది, పొద్దున నాయన సైకిల్ మీద వచ్చి, అలవాటు చొప్పున గంట కొట్టి, అప్పుడు దిగి లోపలికి వచ్చాడట. వచ్చినవాడు చెల్లెలి కాళ్ల దగ్గర కూర్చుని లేవలేదు.

కార్యం అయింది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. బావ, అతని భార్య లోపల దీపం పెడుతున్నారు, వాళ్ల పిల్లలు తమిళంలో ఏదో గుసగుసగా అడుగుతున్నారు. ఆ మాపటేళ కరెంటు లేదు. నాయన వెనక తిన్నె మీద కూర్చుని ఉన్నాడు, పక్కన వాడని కనకాంబరాల మాల ముక్క ఒకటి. నేను ఆయన పక్కన కూర్చున్నాను. "ఇదంతా రాస్తాను నాయనా, ఆమె ఎందుకు వద్దనిందో రాస్తాను" అన్నాను. ఆయన తువ్వాలు తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "రాయి" అన్నాడు.

తర్వాత మా అమ్మాయిని పిలిచాడు. మాలలోంచి ఒక పువ్వు తెంపి బావి వైపు విసిరాడు. "పాపా, ఆడ ఏమి పడిందో ఎత్తుకోనిరా."

అత్త మాట, అత్త చెప్పినట్టే. ఆయనకు ఆ ఆట సంగతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. వీధిలో గంట కొట్టి ఎంతసేపు నిలబడేవాడో కూడా నాకు తెలియదు.

అమ్మాయి తాడును ముట్టుకోకుండా దాని కింద వంగి పరుగెత్తి, పువ్వు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఇంకొకటి తెంపి ఇంకొంచెం దూరం విసిరాడు. తెచ్చింది. ఇంకొకటి, సున్నం గీతలకు అవతల. చీకటి పడుతోంది. నాకు పిల్ల కనిపించడం లేదు, పరుగు మాత్రం వినిపిస్తోంది. నాయన చెయ్యి చాపి, ఊపిరి తీయకుండా కూర్చుని ఉన్నాడు. బావి దగ్గర నుంచి మా అమ్మాయి గొంతు వచ్చింది.

"దొరికింది తాతా."